రాయని నవలకి సంతాప సభ

నా నవల ఆవిష్కరణ సభ పోయిన వారం విజయవాడలో ఘనంగా జరిగింది. శాలువా కప్పారు. నేనింకా ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఈ రోజుల్లో కొత్త రచయితలందరూ ఇలాగే మొదలుపెట్టాలి, ప్రచారం ముందు, రచన తర్వాత. పబ్లిషర్‌కి కథ నాలుగు ముక్కల్లో చెబితే చాలు, మిగతా కథనీ, సమీక్షల్నీ వాళ్ల యంత్రమే అల్లి ఇంటింటికీ వినిపిస్తుంది.

ఈ ఉదయం బెండకాయలు తరుగుతూ నా సమీక్షలు విన్నాను. అన్నిటిలోనూ నా కథానాయిక వరాలు చివర్లో కాలవలో పడి చచ్చిపోయింది. ఒళ్లు మండిపోయింది. వరాలు పడవ నడిపే పిల్ల. దాన్ని చంపుతానని నేనెవరికీ చెప్పలేదు.

పబ్లిషర్ శశిభూషణ్‌కి ఫోన్ చేశాను.

"చావుకే స్పందన బాగుంది మేడం. మీరు దానికి తగ్గట్టు రాసేయండి," అన్నాడు.

"నా పిల్లని చంపడానికి నువ్వెవడివయ్యా?"

"అభిమానులు సంతాప సభ కూడా పెట్టేసుకున్నారండీ. ఇప్పుడు బతికిస్తే ఊరుకోరు."

ఫోన్ పెట్టేసి కాగితాలు ముందేసుకున్నాను. వరాలు ఈదుకుంటూ ఒడ్డుకి రావడంతోనే నవల మొదలుపెడదామని కలం తీశాను. అంతలో పక్కింటి సుగుణ పిన్ని కళ్లొత్తుకుంటూ వచ్చింది.

"ఎంత ఏడిపించావే తల్లీ. పాపం, ఆ వరాలు అలా పోవడం..."

"అది పోలేదు పిన్నీ. దానికి ఈత వచ్చు," అన్నాను పళ్లు కొరుకుతూ.

పిన్ని నావైపు జాలిగా చూసింది.

"నీకెలా తెలుస్తుందమ్మా, నువ్వింకా రాయనేలేదుగా."