బావగారి కాలు

"ఆ పేరు మార్చకపోతే మేం కొత్త స్టేడియంలో అడుగు పెట్టం మేడమ్!"

కెప్టెన్ బల్ల మీద గుద్దిన గుద్దుకి కప్పులో టీ సాసర్లోకి దూకింది. లీగ్ కార్యదర్శి సాసర్ ఎత్తి, టీ మళ్ళీ కప్పులో పోసుకుంది. అలాంటి గుద్దులు ఆవిడ బల్లకు కొత్త కాదు.

ఉలిక్కిపడింది కెప్టెన్ పక్కన, కుర్చీ అంచున కూర్చున్న గోల్‌కీపరే. అతను వృత్తికి దర్జీ. ఊరంతా పిలిచేది మాత్రం జల్లెడ అని. ఆ పేరు పెట్టింది కూడా ఈ కెప్టెనే.

కిటికీలోంచి స్టేడియం గేటు కనిపిస్తోంది. ఈ ఏడు కప్పు గెలిచిన జట్టు పేరు దాని మీద రాయించాలని లీగ్ నిర్ణయించింది. పెయింటర్ నిచ్చెనెక్కి 'బావగారి' వరకు రాసేసి, రెండో మాటకు రంగు కలుపుకుంటున్నాడు.

"బావగారి కాలు ఫుట్‌బాల్ క్లబ్! ఇదేం పేరండీ? వారం వారం మా వాళ్ళు ఆ కాలి కింద నుంచి దూరి లోపలికి రావాలా?" అన్నాడు కెప్టెన్.

"ప్రపంచంలో ఇంతకంటే వింత పేర్లున్నాయి లెండి," అంది కార్యదర్శి. "ఒకచోట 'మిడతలు' అని పేరు పెట్టుకుని వందేళ్ళకు పైగా ఆడుతున్నారు. ఇంకోచోట కుర్రాళ్ళట. క్లబ్బుకి నూరేళ్ళు దాటినా కుర్రాళ్ళే. మరొకళ్ళు 'అందరికంటే బలవంతులం' అన్నారు, ఓడిన రోజు మొహం ఎక్కడ పెట్టుకుంటారో మరి. మన లీగ్‌లోనే 'వానొస్తే రేపు' ఉంది. సెలూన్ వాళ్ళది 'సోమవారం సెలవు'. అన్నట్టు మీ క్లబ్ పేరేంటి?"

కెప్టెన్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"అజేయులు," అన్నాడు జల్లెడ, అడిగారు కదా అని.

"ఎన్నిసార్లు ఓడారు?"

"అదంతా ఇప్పుడెందుకండీ," అన్నాడు కెప్టెన్.

జల్లెడ తల దించుకున్నాడు. ఓటమి అనగానే అతనికి గుర్తొచ్చేది ఒక్కటే. కొన్నేళ్ళ కిందటి ఆ ఫైనల్, ఆ వాన, మోకాళ్ళ దాకా ఆ బురద. చివర్లో పాలవాళ్ళ జట్టుకి కార్నర్ కిక్ దొరికింది. గోల్ ముందు మనుషులు గుట్టలా పడ్డారు. కుడి స్తంభం దగ్గర సాక్షాత్తూ కెప్టెనే కాపలా ఉన్నాడు కదా, అటు భయం లేదనుకుని జల్లెడ ఎడమకు దూకాడు. ఎవరి కాలో బంతికి తగిలింది. బంతి కుడివైపు నుంచి చుట్టంలా తాపీగా లోపలికెళ్ళింది. బురద తుడుచుకుని లేచేసరికి కెప్టెన్ మీదపడి అరుస్తున్నాడు. "చేతులా అవి? జల్లెడ!"

అది ఎవరి కాలో పాలవాళ్ళ కెప్టెన్ తప్ప ఎవరూ చూడలేదు. అతను మాత్రం "మా బావగారి కాలు!" అని బురదలో దొర్లి దొర్లి నవ్వాడు. ఆ వారంలోనే క్లబ్ పేరు మార్చేశాడు. నలుగురు అక్కల తమ్ముడు కనుక బావలకు కొదవ లేదు. బావలు ముగ్గురు అతని జట్టులోనే ఆడతారు. ఆ కాలు నాదంటే నాదని ఆ ముగ్గురూ ఎక్కడ కలిసినా కొట్టుకుంటారు. అసలు ఏ బావయ్యా అంటే, "బంగారం లాంటి బావ," అంటాడే తప్ప తేల్చడు.

జల్లెడ బతుకు మాత్రం ఆ రోజుతో నవ్వులపాలైంది. "కాజాలు చిన్నవి కుట్టవయ్యా, నీ చేతిలో పడితే బంతులు దూరిపోతాయి," అంటారు చొక్కాలిచ్చే వాళ్ళు. ఇంట్లో భార్య పిండి జల్లించేటప్పుడు నవ్వు ఆపుకుంటుంది. ఆపుకోవడం అతనికి కనిపిస్తూనే ఉంటుంది. తను ఆ ఒక్క బంతి ఆపి ఉంటే అసలీ పేరే పుట్టేది కాదని అతని బాధ. గేటు మీద ఆ పేరు చెరిగితే, దాంతోపాటు తన పేరూ చెరుగుతుందని ఒక పిచ్చి ఆశ.

కార్యదర్శి టీ ముగించింది. "చూడండి, రూలు ఒక్కటే. ఒక మనిషిని ఉద్దేశించి పెట్టిన పేరైతే, ఆ మనిషి స్వయంగా వచ్చి వద్దంటే తీసేస్తాం. ఇంకెవరు వద్దన్నా కుదరదు. వెళ్ళి ఆ బావగారిని తీసుకురండి."

కెప్టెన్ కిటికీలోంచి చూశాడు. పెయింటర్ 'కా' మొదలుపెట్టాడు.

జల్లెడ లేచి నిలబడ్డాడు. "పదన్నా, ముగ్గురు బావలూ ఈపాటికి పాలకేంద్రంలోనే ఉంటారు. ముగ్గురి కాళ్ళూ పట్టుకుంటాను. ఏ కాలైతే ఆ కాలే కరుగుతుంది. తప్పు చేసింది నేను కదా, నీ పరువు కోసం ఆమాత్రం చెయ్యలేనా?"

"కూర్చోరా."

"టైం లేదన్నా, అక్కడ కాలు పూర్తయిపోతోంది!"

"కూర్చోమన్నానా!"

కెప్టెన్ ఆ మాట వెనకే జల్లెడని అసలు పేరు పెట్టి పిలిచాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి. జల్లెడకి తననే పిలిచాడని తెలియడానికి కాస్త సమయం పట్టింది. తెలిశాక కూర్చున్నాడు.

కెప్టెన్ వంగి, కుడి బూటు లేసు విప్పి, మేజోడు లాగేసి, ఖాళీ కప్పు పక్కన బల్ల మీద పాదం పెట్టి, జల్లెడ మొహం చూడకుండా అన్నాడు: "రాసుకోండి మేడమ్, నాలుగో బావని నేనే, అభ్యంతరం ఈ కాలిదే."