కొత్త ఇంజనుకు పథ్యం

"మొదటి పది గంటలూ దీన్ని కష్టపెట్టకండి. స్పీడు పెంచొద్దు, బరువు లాగించొద్దు, మధ్యమధ్య ఆపి రెస్టివ్వండి" అన్నాడు మెకానిక్ ప్రదీప్, బోటు ఇంజనును ఆటోలోంచి దింపిస్తూ.

లక్ష్ముడు చేతులు కట్టుకుని విన్నాడు. బడిలో ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదు.

భోగాపురం దగ్గరి ఆ పేటలో సొంత ఇంజను లేనివాడు ఇన్నాళ్ళూ అతనొక్కడే. అందుకే కొబ్బరికాయ కొట్టాడు, ఇంటింటికీ బూందీ పంచాడు, ఫోనులో వాట్సాప్ ఫోటో తీసేసి ఇంజను ఫోటో పెట్టాడు. మూడో నాడు మంచి ఘడియ చూసి బోటును నీళ్ళలోకి దించాడు.

రోజుకు గంట. ఒడ్డు వెంబడే, మనిషి నడిచినంత మెల్లగా.

"ఏట్రా లక్ష్ముడూ, ఊరేగింపేటి?" పక్క బోటులోంచి అసిరయ్య కేకేశాడు.

"నవ్వు మావా. నీ ఇంజను మూలన పడ్డనాడు నాను నవ్వుతాను."

పావుగంటకోసారి ఇంజను ఆపి, జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి చూసేవాడు.

ఒడ్డుకు రాగానే ఇంజనును ఊడదీసి, భుజాన తువ్వాలు పరిచి మోసుకెళ్ళేవాడు. బోటును పైకి లాగడానికి భార్య కుమారి తాడు పట్టేది. ఆపైన ఇంజనును మంచినీళ్ళతో కడగాలి. బోరింగు ఇసకదిబ్బకు అవతల ఉంది. నాలుగు బిందెలు కుమారే తేవాలి.

మొదటి రోజు ఆమె రెండో బిందె దించి ఇసకలో కూలబడింది.

"అప్పుడే కూకుండిపోయినావేటే? ఉప్పు పట్టీగల్దు. బేగి తే!"

కుమారి ఎదురు చెప్పే మనిషి కాదు. లేచింది.

ఇంజనుకు గాలి తగలాలని ఫాను కింద గదిలో పెట్టాడు. కుమారి తన చాప తీసుకుని పెరటి పంచలోకి మారింది. వాము, వెల్లుల్లి తెమ్మని రెండుసార్లు చెప్పింది. లక్ష్ముడు భోగాపురం వెళ్ళి మేలురకం ఆయిలు రెండు డబ్బాలు తెచ్చాడు. మిగతావి మరిచిపోయాడు.

వారం తిరక్కముందే పక్కింటి తవిటమ్మ అతన్ని దారిలో నిలబెట్టింది.

"ఒరే, పట్టుమని పది రోజులవనేదు. అప్పుడే పని సేయించీస్తన్నావేట్రా?"

"నేదు పెద్దమ్మా. రోజుకో గంటే. అదీ మెల్లగా. అలిసిపోనిస్తానేటి?"

తవిటమ్మ నుదురు కొట్టుకుంది. "నీ మొకం మండ!" అని వెళ్ళిపోయింది. ముసలాళ్ళకి మిషన్ల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు లక్ష్ముడు.

పది గంటలూ పూర్తయ్యాక ప్రదీప్ వచ్చాడు. తాడు లాగితే ఇంజను మొదటి లాగుకే అందుకుంది. చెవి పెట్టి విన్నాడు. ప్లగ్గు విప్పి చూశాడు. తల పంకించాడు.

"ఈ ఒడ్డు పొడుగునా తిరుగుతుంటాను. కొత్తదాన్ని ఇంత సుకుమారంగా చూసుకున్నవాణ్ణి చూళ్ళేదు. మీరు నాలుగు మాటలు చెప్పండి, వీడియో తీసి మిగతావాళ్ళకి చూపిస్తాను."

లక్ష్ముడు జుట్టు సర్దుకున్నాడు. ఇంజను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"పేనమున్న దాన్లాగే సూసుకోవాల బాబూ. ఈ పది రోజుల్లో పాడైపోతే మరి జన్మలో బాగవదు."

ప్రదీప్ వీడియో ఆపి శభాష్ అన్నాడు. లక్ష్ముడు పెరటి వైపు తిరిగి కేకేశాడు.

"ఒసే కుమారీ! బాబుకి టీ ఎట్టు, బేగి!"

పెరటి పంచలో కుమారి, పాలు తాగుతున్న పసిగుడ్డును రొమ్ము నుంచి విడదీసి చాప మీద పడుకోబెట్టి, గోడ పట్టుకుని లేచింది. ఆ పిల్ల పుట్టిందీ ఇంజను దిగిన రోజే.