ఒక డి, ఒక ఎస్

కొత్తగా మార్కెట్లోకి వచ్చిన పోటీ కంపెనీ డేటాబేస్ లోపలి పేర్లు తెర మీద కనబడగానే థెల్మా వాటిని మళ్లీ మొదటి నుంచి చదివింది.

అన్నీ తమ కంపెనీ డేటాబేస్‌లో ఉన్న పేర్లే.

డేటాబేస్ తన సొంత అవసరాలకు కొన్ని పట్టికలు లోపల దాచుకుంటుంది. కొనుక్కున్నవాళ్లు పెట్టుకునే పేర్లతో అవి కలిసిపోకుండా, వాటి పేర్లన్నీ అండర్‌స్కోర్ అనే అడుగు గీతతో మొదలుపెట్టడం థెల్మా వాళ్ల నియమం. పోటీ కంపెనీ కూడా అదే గీత పెట్టింది. అంతవరకైతే ఏదో కలిసిందనుకోవచ్చు. కానీ ఏ సమాచారం ఎక్కడుందో చెప్పే ‘అడ్రస్’ పట్టిక పేరులో తప్పు కూడా అదే. రెండు డిలు, చివర రెండు ఎస్‌లు ఉండాల్సిన ఇంగ్లీషు మాటలో ఒక డి, ఒక ఎస్.

ఆ తప్పు తమ యజమాని వారెన్‌ది. మొదటి రోజుల్లో తొందరలో అలా కొట్టేశానని అతనే చెప్పేవాడు. తర్వాత దిద్దుదామంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడిపోయింది. సన్నీవేల్ ఆఫీసులో చేరిన ప్రతివాళ్లూ దాన్ని చూసి నవ్వేవారు.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు రూడీ. థెల్మా పక్క సీటు. ఆమె విడాకుల రోజుల్లో ఆమె పని కూడా తనే చేసిపెట్టిన మనిషి. మొన్న వేసవిలో ఆ పోటీ కంపెనీలోనే చేరాడు.

"వదిలెయ్ థెల్మా," అన్నాడు వారెన్ అంతా విని. "పేర్లే కదా. రూడీ పిల్లలు గలవాడు. కోర్టుకెక్కి ఏం బావుకుంటాం?"

అతని మంచితనానికి థెల్మా కళ్లు చెమర్చాయి. "నువ్వు క్షమిస్తే క్షమించు. నావల్ల కాదు."

ఎప్పుడూ కలిసి తినే మెక్సికన్ టాకో రొట్టెల బండి దగ్గరే రూడీని పట్టుకుంది.

"మా పట్టికల పేర్లన్నీ మీ డేటాబేస్‌లో ఉన్నాయి. ఆఫీసు నుంచి ఏం పట్టుకెళ్లావు?"

"నా కాఫీ కప్పు. అదీ పిడి విరిగింది."

"వేళాకోళాలొద్దు."

రూడీ ముఖంలో నవ్వు పోయింది. "నేను చేరేటప్పటికే ఆ పేర్లు అక్కడున్నాయి. నా పిల్లల మీద ఒట్టు."

"దొంగిలించినవాడివి, ఆ తప్పయినా దిద్దుకోవాల్సింది."

అతను చేతిలోని టాకోను కాగితంలో చుట్టేశాడు. "ఇన్నేళ్లలో నా గురించి నీకు తెలిసింది ఇంతేనా?" అని లేచి వెళ్లిపోయాడు.

నమ్మకద్రోహం చేసి పైగా ఈ మాటొకటా అని ఆమె ఒళ్లు మండింది. లాయరును తనే పిలిపించింది. వారెన్ చేత తనే సంతకం పెట్టించింది. నోటీసు అందగానే ఆ కంపెనీ రూడీని ఉద్యోగంలోంచి పక్కన పెట్టింది. అతని భార్య ఫోన్ చేసి ఏడిస్తే, థెల్మా బదులు చెప్పకుండా పెట్టేసింది.

ఆ కంపెనీ వాళ్ల వాంగ్మూలం తీసుకునే రోజున ఒంట్లో బాగాలేదని వారెన్ రాలేదు. థెల్మా, లాయరు వెళ్లారు. అవతలివైపు ఆ కంపెనీ పెద్ద ఇంజనీరు నెవిన్ కూర్చుంది. నెరిసిన జుట్టు, నెమ్మదైన గొంతు.

"వారెన్ రాలేదా? ఒకప్పుడు ఇద్దరం ఒకేచోట పనిచేశాం," అంది ముందుగా.

లాయరు అది పట్టించుకోలేదు. "ఈ పేర్లు మీకు రూడీ తెచ్చిచ్చాడా?"

"లేదు. నేనే పెట్టాను. రూడీ మా దగ్గరికి రాకముందే."

థెల్మా ఆగలేకపోయింది. "అయితే మా వారెన్ చేసిన తప్పే మీరూ ఎలా చేశారు?"

నెవిన్ ఆ పేరు వంక చూసింది. తర్వాత థెల్మా వంక జాలిగా చూసింది.

"అది తప్పు కాదమ్మా, మా టర్కీ భాషలో ఆ మాట అలాగే రాస్తాం."