వేట నిషేధంలో వేట

"మళ్లీ ఆగిపోయింది!" పోలయ్య కంప్యూటర్ మీద అరిచాడు. చేపల వేట నిషేధం మొదలై పడవ ఒడ్డెక్కినప్పటి నుంచి, సముద్రంలో చేపలు పట్టే ఆటొకటి డౌన్‌లోడ్ చేసుకోవాలని అతను కిందా మీదా పడుతున్నాడు.

కూతురు సుజిత యాప్ మూసి తెరిచింది. డిస్కులో చోటు చూసింది. రౌటర్ ఆపి మళ్లీ వేసింది. "అన్నీ బాగానే ఉండాయి నాయనా."

"చూస్తా కూర్చుంటే గాలానికి చేపైనా పడదు," వసారాలోంచి భార్య కావేరమ్మ అంది. "వచ్చి ఈ వల బాగుచెయ్ మావా."

పోలయ్య వల పట్టగానే డౌన్‌లోడ్ కదిలింది. చూడ్డానికి లేస్తే ఆగింది. తన దిష్టే తగులుతోందనుకుని, కంప్యూటర్‌కు వీపు పెట్టి చిరుగులన్నీ అల్లేశాడు. ఆట పూర్తిగా దిగింది.

సుజితకు నవ్వాగలేదు. "నాయనా, డౌన్‌లోడ్‌ని ఫోన్లోంచి కూడా ఆపొచ్చు. నా ఫోను పొద్దున్నించి అమ్మ దగ్గరే ఉండాది."

"ఆపింది నువ్వా?" పోలయ్య భార్య వైపు తిరిగాడు.

కావేరమ్మ అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది. "వల పని అయింది కదా. ముందు నేను పోతా వేటకి."

"ఆడోళ్లు పడవెక్కకూడదు కదే!" అలవాటుగా అనేశాడు పోలయ్య.

"అది నీ పడవకి."

పోలయ్య చిరిగిన ఇంకో వల తెచ్చుకుని ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"ఎప్పటికొస్తావు?"

"చేపలు పడినప్పుడు," అంది కావేరమ్మ, తల తిప్పకుండా, వేటకెళ్లేటప్పుడు అచ్చం అతను చెప్పినట్టే.