హనుమండ్లు ఎవరు?

పొద్దుగూకితే చాలు, ముందు గదిలోంచి ఆ పిలుపు వినబడుతుంది.

"హనుమండ్లు, ఎట్లున్నవ్? దమ్ము తగ్గిందా? జర ఒక్కసారి మాదిక్కు వచ్చిపో."

ప్రాణం లేని గొంతు. పైగా దానికి దశరథం జవాబు చెబుతాడు. "వస్త తియ్, వస్త" అంటాడు, అదీ నవ్వుకుంటూ.

వంటింట్లో రొట్టె చేస్తున్న దేవవ్వకు గుండె గుభేలుమంటుంది.

మందమర్రిలో వాళ్లది ముప్పై ఏళ్ల కాపురం. దశరథం బొగ్గుబాయిలో పనిచేసి నిరుడు రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆయన వైపు చుట్టం లేదు, పక్కం లేదు. పెళ్లికి కూడా బాయి దోస్తులే వచ్చారు. ఈ మనిషికి ఏమైనా అయితే తన గతేమిటని దేవవ్వ దిగులు.

కూతురు ప్రవళిక కరీంనగర్ నుంచి తన పాత కంప్యూటర్ తెచ్చిపెట్టింది. బ్రౌజర్‌కు యాడాన్లనే చిన్న పనిముట్లు తగిలించి, తండ్రికి తగ్గట్టు తయారుచేసింది. ప్రకటనలను ఆపే యాడాన్ ఒకటి, అక్షరాలను పెద్దవి చేసేది ఒకటి, చూపు ఆనడం లేదని తెర మీది రాతను చదివి వినిపించేది ఒకటి.

"గిసొంటియి ఇంక మస్తున్నయ్ బాపూ. నీకేం గావాల్నో ఎతికి పెట్టుకో" అని చెప్పి వెళ్లింది.

ఇక చూడండి! అన్నం పెట్టి పిలిచినా లేవడు మహానుభావుడు. సాయంత్రమైతే బాయి దోస్తులంతా రాసుకునే పేజీ తెరిచి వింటూ కూర్చుంటాడు.

అసలే ఆయనకు చెవుడు. వీధిలో "దశరథం" అని రెండు మూడుసార్లు అరిస్తే గానీ తల తిప్పడు. పెళ్లయిన కొత్తలోనూ అంతే. బాయిలో బొగ్గు పేల్చే తూటాల మోతకు చెవులు పోయాయని దేవవ్వ నమ్మకం. మరి "హనుమండ్లు" అంటే మాత్రం ఒక్క పిలుపుకే పలుకుతాడేం?

ఉండబట్టలేక ఒకనాడు అడిగింది. "ఎవలయ్యా గా హనుమండ్లు?"

ఆయన ముఖం చిన్నబోయింది. "మా ఊరోడు. నేను బాయిల దిగిన నాడే పోయిండు."

దేవవ్వకు ఒళ్లు జల్లుమంది. చచ్చినవాణ్ణి పిలిస్తే ఈయన పలుకుతున్నాడంటే, వాడు ఈయనను పట్టినట్టే కదా! మర్నాడు కంప్యూటర్ ముందు నిమ్మకాయ, మిరపకాయలు పెట్టింది. ఆయన ఆ నిమ్మకాయ పిండుకుని షర్బత్ తాగేశాడు. దేవవ్వ ఏడుస్తూ కూతురికి ఫోన్ చేసింది.

"నీ బాపును దయ్యం పట్టింది బిడ్డా! గా డబ్బలకెల్లే వచ్చింది. నాకు బుగులైతాంది, జల్ది రా!"

ప్రవళిక నవ్వుకుంటూనే వచ్చింది. సాయంత్రం దోస్తుల పేజీ చూశాక ఆ నవ్వు పోయింది. దానిలో తండ్రి పేరు ఒక్కచోటా లేదు. దోస్తు కొమురెల్లి రాసినదాంట్లో హనుమండ్లు. చివరికి పింఛను ఆఫీసు పంపిన మెయిల్లోనూ హనుమండ్లే. అదే పేజీని తన ఫోన్‌లో తెరిచింది. "దశరథం, ఎట్లున్నవ్?" అని చక్కగా ఉంది.

గబగబా యాడాన్ల జాబితా తెరిచింది. తను పెట్టినవి మూడు. నాలుగోది కొత్తది. ఏ పేజీలోనైనా ఒక మాటను తీసేసి మనం చెప్పిన మాటను చూపించేది. అందులో ఒకే ఒక్క ఆజ్ఞ ఉంది: దశరథం అని ఉన్నచోటల్లా హనుమండ్లు అని చూపించు.

"దయ్యం లేదు, గియ్యం లేదవ్వా. గిదీ సంగతి. ఇప్పుడే తీసేస్త."

దశరథం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు బిడ్డా. నేనే పెట్టుకున్న. దినాం ఒక్కసారన్న నన్ను గట్ల పిలువనీ."

"సచ్చినోని పేరు నీకెందుకయ్యా?" దేవవ్వ గొల్లుమంది. "నన్ను ఆగం జేస్తవా?"

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆయాసం కాస్త తగ్గేదాకా ఆగాడు.

"నౌకరీ వచ్చినా చేరకముందే సచ్చింది దశరథమే, దేవవ్వా, గా నౌకరీ కోసం ఆయన పేరు పెట్టుకొని బాయిల దిగిన హనుమండ్లును నేను."