కొన్ననాటి మొగం

"ఈ కోపం బొమ్మలు పీకెయ్ అప్పా," అనింది రామక్క.

పది దినాల కింద గుండెపోటుతో పోయిన ఆమె కొడుకు మద్దిలేటి కారు అది. హెడ్‌లైట్ల పైన, బానెట్ మీద ముడిపడిన కనుబొమ్మల్లా రెండు నల్ల స్టిక్కర్లు. ఐదేండ్ల కింద ఆదోనిలో ఇదే స్టిక్కర్ల అంగట్లో వాటిని అంటించింది రాజశేఖరే.

"అన్న ముచ్చటపడి ఏయించుకున్నాడు గదమ్మా. లారీలోళ్లు గూడా బెదరాల అనేటోడు."

"బెదిరేది వాడప్పా. లారీ ఎదురొస్తే సేతులు వణికేవి. నవ్వు మొగం కారుకు ఎవురూ దారి ఇయ్యరని ఇవి ఏయించినాడు. నాకొక్కదానికే సెప్పినాడు."

ఆ కారు ఎదురొస్తే రాజశేఖర్ కూడా తన బండి పక్కకు తీసేవాడు.

"రేపు వాని దినాలు. ఇష్టమైనవన్నీ ముందర పెట్టాల. కారు గూడా కొన్ననాటి మాదిరి నవ్వుతా ఉండాల."

అతను స్టిక్కర్లకు వేడిగాలి పట్టి మెల్లగా ఒలిచాడు. ఎండకు కారు ఎరుపంతా వెలిసిపోయింది. స్టిక్కర్ల కింద మాత్రం ఎరుపు అట్లే ఉంది. ఇప్పుడు ఎర్రటి కనుబొమ్మలు, అదే కోపం.

"తెల్లారేలోపల రంగు ఏసిస్తానమ్మా."

రామక్క ఆ ఎరుపును కొంగుతో తుడిచింది.

"వద్దులే నాయనా. కొన్ననాటిది ఇంతే మిగిలింది."