నంబర్లన్నీ కలిసిన జీపు

చౌడారెడ్డి జీపును ఏలీయా ఒక్కసారిగా దొంగిలించలేదు. పదహారు నెలలు పట్టింది.

మొదట హారన్ పోయింది. తర్వాత స్టీరింగు. ఆ తర్వాత గేర్‌బాక్సు. పోయిన ప్రతిదాని చోటా ఏలీయా ఒక తుక్కు సామాను బిగించి, రంగు కొట్టి, తుడిచి మరీ వచ్చేవాడు. దొంగే అయినా పనిలో మాత్రం నీతి తప్పలేదు.

ఏలీయాది ప్రొద్దుటూరు. పాత జీపులంటే పడిచచ్చే మెకానిక్కు. వాళ్ల నాయన మిషన్ ఆసుపత్రి విల్లీస్ జీపు నడిపేవాడు. దాన్ని పాత ఇనుముకు వేసిన రోజు ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. అప్పటినుంచీ ఎక్కడ మూలపడ్డ జీపు కనపడినా కొనడం, బాగుచేసి ఇంటి వెనక పెట్టుకోవడం. అట్లా రెండు జీపులు పోగయ్యాయి కానీ ఇంట్లో కూర్చోవడానికి తిన్నని కుర్చీ ఒక్కటీ లేదు.

ఆ రెండూ అతుకుల బొంతలే. ఇంజను, చేసిసు అనే అడుగు చట్రం, నంబరు ప్లేటు మూడూ పుట్టినప్పటివే ఉన్న విల్లీస్ ఒక్కటి తనదైతే చాలు, ఇక చచ్చిపోయినా పర్వాలేదనుకునేవాడు ఏలీయా. అతనికి తెలిసి జిల్లా మొత్తానికీ అట్లాంటిది ఒక్కటే ఉంది. అది లింగాల పక్క పల్లెలో, ముఠా నాయకుడు చౌడారెడ్డి ఇంటి ఆవరణలో ఉంది.

ధైర్యం చేసి ఒకసారి అడిగాడు, అమ్ముతారా అని.

"జీపమ్మితే చౌడారెడ్డి పనైపోయిందంటారప్పా. అమ్మను. నీకంత పేనమైతే అప్పుడప్పుడూ వచ్చి రిపేరు చేసిపోతాండు" అన్నాడు చౌడారెడ్డి.

ముఠా నాయకులు బండిని షెడ్డుకు పంపరు. అక్కడ ఎవడైనా సీటు కింద బాంబు పెడతాడని భయం. మెకానిక్కే ఇంటికి పోవాలి. గేటు దగ్గర కొడవళ్ల మనుషులు లోపలికి వచ్చే ప్రతి సంచినీ దులిపి చూస్తారు. బయటికి పోయే సంచిని మాత్రం తిరిగి కూడా చూడరు. బాంబు బయటికి పోతే వాళ్లకేం నష్టం?

ఏలీయా ఈ సంగతి మొదటిరోజే గమనించాడు.

ఇంజను మాత్రం సంచిలో పట్టేది కాదు. "బోరు చేయించాల పెద్దాయనా, ప్రొద్దుటూరుకు తీసుకపోవాల" అన్నాడు.

"ట్రాక్టరుంది గదా. రేయ్, ఇద్దరు పోయి ఎత్తండ్రా. ఏలీయా నడుం పట్టుకుంటాది."

కొడవళ్లు పక్కన పెట్టి వాళ్లే ఎత్తారు, వాళ్లే దించారు. ఏలీయా భార్య కరుణమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వదినా బాగుండాయి అని చెప్పి మరీ పోయారు. రెండు నెలల తర్వాత వెల్డింగు పేరుతో చేసిసు కూడా అదే ట్రాక్టరులో వచ్చింది. మళ్లీ మజ్జిగ.

"దొరికితే నీ చేతులుంచుతారా మామా? అదీగాక చర్చిలో సంఘ పెద్దవి. దొంగతనం చేయగూడదని ఆజ్ఞ ఉండాదే, అది యాడ పెట్టినావు?" అంది కరుణమ్మ.

"అది బండిని బండిగా ఎత్తుకపోయేవాళ్లకు. నేను బోల్టు బోల్టు తెస్తాండా."

అక్కడ చౌడారెడ్డి ఆవరణలో మిగిలింది జీపు ఆకారం. స్టార్టు చేస్తే పిండిమర మాదిరి మోత. అయినా చౌడారెడ్డి దాని బానెట్టు నిమిరి, "శానా బాగ చేసినావప్పా" అన్నాడు. ఏలీయాకు నిజంగా జాలేసింది. ఇంత అమాయకుడు ఇన్నేళ్లు ముఠా ఎట్లా నడిపాడో అర్థం కాలేదు.

ఇక మిగిలింది నంబరు ప్లేటు. జీపు మీద ఉన్నది దాని అసలు నంబరు కాదని పనిలో దిగాకే తెలిసింది. అసలుది ఎక్కడో పారేసి ఉంటారని ఏలీయా బెంగపడ్డాడు. చివరిసారి సీటు విప్పితే, గోనెపట్టలో చుట్టి అక్కడే ఉంది. దేవుడే దాచి ఉంచాడనుకుని దాన్ని చొక్కా లోపల పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ ఆదివారం జీపు ప్రొద్దుటూరు వీధుల్లో మెల్లగా కదిలి చర్చి ముందు ఆగింది. ఆరాధన అయ్యాక అందరూ చుట్టూ మూగారు. ఏలీయా ప్రతి ఒక్కరికీ మూడు నంబర్లూ చూపించాడు.

అంతలో పోలీసు బండి వచ్చింది. అందులోంచి ఇన్స్పెక్టరు, అతని వెనకే మెడలో కొత్త పార్టీ కండువాతో చౌడారెడ్డి దిగారు.

ఇన్స్పెక్టరు బానెట్టు ఎత్తి ఇంజను నంబరు చూశాడు. వంగి చేసిసు నంబరు చూశాడు. చేతిలోని కాగితంతో ప్లేటును సరిపోల్చాడు.

"మూడూ కలిసినాయి" అన్నాడు.

ఏలీయా ఛాతీ ఒక్క క్షణం ఉప్పొంగింది. ఆ మాట ఎవరైనా అంటే వినాలని జీవితమంతా ఎదురుచూశాడు. మరుక్షణం చేతులు గుర్తొచ్చి చౌడారెడ్డి కాళ్ల మీద పడ్డాడు.

"తప్పయిపాయ పెద్దాయనా. దొంగతనం చేసింది నేనే. పదహార్నెల్లుగా చేస్తాండా. జైల్లో పెట్టించు, చేతులు మాత్రం తీయించొద్దు."

చౌడారెడ్డి అతన్ని ప్రేమగా భుజాలు పట్టి లేపాడు. "ఛ, ఛ, చేతులెందుకు తీయిస్తానప్పా" అని ఇన్స్పెక్టరు వైపు తిరిగాడు. "ఒప్పుకున్నాడు గదా సార్. తేదీ ఒకటే కొంచెం తప్పు చెప్తాండాడు."

ఇన్స్పెక్టరు పసుపుబారిన కాగితం విప్పాడు. "జీపు పోయిందని రెడ్డి పదకొండేండ్ల కిందటే కంప్లయింటు ఇచ్చినాడు, ఆ మర్నాడే వేంపల్లె రోడ్డులో ఇద్దరిని బాంబులేసి చంపింది ఈ జీపులోంచే. ఇప్పుడు చెప్పు ఏలీయా, వాళ్లు నీకేం అన్యాయం చేసినారు?"